వేలమ్మాళ్ వాకిట్లో తూంగుమూంజి

మిల్లులో ఎనిమిది గంటల సంగు, అదే సైరన్, ఊదేలోపు వేలమ్మాళ్ కొళాయి దగ్గర ఏడు బిందెలు పట్టేది. అయిదు ఇంటికి, రెండు వాకిట్లోని తూంగుమూంజికి, అదే నిద్రగన్నేరు చెట్టుకి. సేత్తూరు నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చిన మొక్క, ఎనిమిదేళ్ళలో మేడంత అయింది. నీళ్ళు పోసినాక దానికి వీపు ఆనించి పావుగంట కూర్చునేది. చెట్టు ఆకులు ముడుచుకుని ఆమె బదులు నిద్రపోయేది. నాలుగు గంటలు పడుకున్న మనిషిలా లేచి ఆమె పనికి పోయేది.

వీధివాళ్ళూ వచ్చి ఆనుకునేవాళ్ళు. తళవాయిపురం బస్సు దిగినవాళ్ళు కూడా వరస కట్టేవాళ్ళు. ఊరికే కాదు, తలా ఒక చెంబు నీళ్ళు పోసేవాళ్ళు. పోస్తే చాలనుకున్నారు.

పంతొమ్మిదివందల అరవై రెండు ఎండాకాలం చెట్టు పూయలేదు. ఆనుకున్నా ఎవరికీ అలసట తీరలేదు. నూలు చుట్టే మిషన్ దగ్గర వేలమ్మాళ్ రెండుసార్లు కునికితే మేస్త్రి మరియప్పన్ ఆమె పేరు రాసుకున్నాడు. మూడోసారి రాస్తే పని పోతుంది. ఇంట్లో మంచం పట్టిన మొగుడు.

"నీళ్ళు చాల్లేదేమోనే," అంది పక్కింటి తాయమ్మ.

వేలమ్మాళ్ వేళ్ళు మడిచింది. "నలభై మంది, తలా పావుగంట. పది గంటలు. రాత్రి దాని సొంత నిద్ర పన్నెండు. ఇంక అది ఎండ చూసేది రెండు గంటలే అక్కా. నీళ్ళు పోసి ఏం లాభం?"

ఆ సాయంత్రమే చెట్టు చుట్టూ ముళ్ళకంప కట్టేసింది.

"నీకు మాత్రం సందు పెట్టుకున్నావా?" తాయమ్మ దెప్పింది.

"నేనూ ఆనుకోను."

"మూడోతూరి కునికితే ఇంటికి పంపుతాడే. బుద్ధుందా నీకు?"

"బుద్ధుంది అక్కా. నిద్రే లేదు."

తొమ్మిది రోజులు కాళ్ళీడ్చుకుంటూ పోయింది, వచ్చింది. రెండు బిందెలు మాత్రం మానలేదు. పదోరోజు మధ్యాహ్నం మిషన్ ముందు నిలబడి ఉండగానే కళ్ళు మూతలు పడ్డాయి.

మరియప్పన్ నోటుపుస్తకం తీసుకుని వచ్చినాడు. ఆమె సన్నగా గురక పెడుతోంది. దారం తెగింది. చేతులు వెతకకుండానే రెండు కొసలూ పట్టి ముడేశాయి. మళ్ళీ తెగింది, మళ్ళీ ముడి. పదకొండు లెక్కపెట్టినాడు. ఒక్కటీ తప్పలేదు.

"ఏమ్మా," అన్నాడు మెల్లగా.

ఆమె లేవలేదు. కుడిచెయ్యి మాత్రం, దారానికి అడ్డమొచ్చిన పుస్తకాన్ని పక్కకి నెట్టింది. ఆయన పెన్సిల్ చెవిలో దోపుకుని వెళ్ళిపోయినాడు.

సాయంత్రం కంప ముందర తాయమ్మ నిలబడి ఉంది. "నిన్న పొద్దుగూకినా ఆకు ముడవలేదే ఇది. తెల్లారేదాకా మేలుకునే ఉంది. ఎవరి బదులో."

చిటారుకొమ్మన ఒక్క గులాబిరంగు కుచ్చు విచ్చుకుని ఉంది. వేలమ్మాళ్ తల ఎత్తి దాన్ని చాలాసేపు చూసింది.

మర్నాడు ఏడు బిందెలూ పట్టి, మిల్లుకి పోయి, మిషన్ ముందు నిలబడింది. సంగు ఊదగానే కళ్ళు మూసుకుంది.