బలానికి టానిక్కు

ఏమోయ్, పుస్తకం పట్టుకుని పెద్దమనిషిలా కూర్చున్నవాడా! వీధిలో నేను కనిపిస్తే ఒక్కసారైనా నొక్కకుండా పోగలవా? నీ సంగతి నాకు తెలుసులే. నేను ఒక ఆటో బూరను. నల్లటి రబ్బరు పొట్ట, ఇత్తడి మూతి. జనాన్ని ఉలిక్కిపడేలా చెయ్యడమే నా ఉద్యోగం.

పుట్టాక కొన్నాళ్లు ఐస్‌బండికి వేలాడి, తర్వాత తాతాజీ ఆటో ఎక్కాను. రోజూ గోదావరి వంతెన దాటి పిల్లల్ని బళ్లో దింపేవాళ్లం.

ఒక వానపొద్దున వంతెన మధ్యలో లారీ ఒకటి మమ్మల్ని దాదాపు రాసుకుంటూ పోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ అప్పట్నించీ వంతెన కనిపిస్తే చాలు, తాతాజీకి గుండెదడ, అరచేతుల్లో చెమట. ఊపిరాడక నా పొట్ట పట్టుకుని పిసికేసేవాడు. చివరికి పిల్లల్ని ఎక్కించుకోవడమే మానేశాడు. "ఆటో అమ్మేత్తానే" అన్నాడు భార్యతో.

భార్య నూకరత్నం అతన్ని ఆసుపత్రిలో మనసులోని భయాలు పోగొట్టే కౌన్సిలర్ సుగుణమ్మగారి దగ్గరికి లాక్కెళ్లింది. కిటికీ అవతల ఆపిన ఆటోలోంచి నేను చెవులు రిక్కించాను.

"నీ బలం ఏంటి తాతాజీ?"

"ఇంకెక్కడి బలవండీ! రెండిడ్లీలు దిగట్లేదు. టానిక్కేదైనా రాసెయ్యండి."

"ఆ బలం కాదయ్యా బాబూ! నువ్వు బాగా చేసే పనేటని అడుగుతున్నారు" అంది నూకరత్నం.

తాతాజీ తల గోక్కున్నాడు. "పిల్లల్ని నవ్విత్తానండి. భయం పట్టుకున్నాక అదీ లేదు."

"భయం పోయేదాకా ఆగకు. భయం ఉండగానే నవ్వించు. ముందు ఖాళీ ఆటోతో కొంచెం కొంచెం దూరం పోయిరా" అందావిడ.

అలాగే చేశాడు. మొదటి స్తంభం దాకా, తర్వాత సగం దాకా, ఆ తర్వాత అవతలి ఒడ్డు దాకా. ఆఖరికి ఒక సోమవారం పిల్లల్ని ఎక్కించుకున్నాడు.

వంతెన నడుమకొచ్చేసరికి వెనకాల లారీ. తాతాజీ బ్రేకు మీద కాలేశాడు. ఆటో నెమ్మదించింది. నేనైతే భయంతో కళ్లు గట్టిగా మూసేసుకున్నాను.

"ఆటోమావయ్యా, బూర!" అంది తన్మయి అనే పిల్ల.

నా పొట్ట మీద చెయ్యి పడింది. 'బాంయ్! బబ్బాంయ్!' పిల్లలు పడీపడీ నవ్వారు. తాతాజీకి ఊపిరి తిరిగింది. లారీ దాని దారిన అది పోయింది, మేం ఒడ్డు చేరాం. తాతాజీని గట్టెక్కించింది నేనేనని ఎంత పొంగిపోయానో!

బడి దగ్గర తన్మయి నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. "మావయ్యా, దీనికి చిల్లు పడిందే!"

"భయంలో పిసికి పిసికి ఎప్పుడో చింపేశానమ్మా."

"మరి వంతెన మీద మోగిందిగా?"

తాతాజీ బుగ్గలు పూరించి, నోటితోనే 'బాంయ్!' అన్నాడు.

ఊరందర్నీ ఉలిక్కిపడేలా చేసినదాన్ని, ఆరోజు నేనే ఉలిక్కిపడ్డాను. నవ్వింది చాల్లేవోయ్! ఏదీ, ఇప్పుడు నొక్కు చూద్దాం. తుస్!