చేతి మీద చెయ్యి

చేతి మీద చెయ్యి వేసి నేర్పడం ఆ బడి పద్ధతి. మాటలతో అందని పిల్లలకు చేతులతోనే చెప్పాలి. గువ్వ అని అందరూ పిలిచే పదమూడేళ్ళ పిల్లకు మాటలు లేవు. చేరిన కొత్తలో తాకితే చాలు, పిడికిళ్ళు బిగించుకుని మూలకు పోయేది. చిన్న టీచరు ఆ పిడికిళ్ళను ఒక్కో వేలూ విప్పింది. వెనక కూర్చుని, పిల్ల చేతుల మీద తన చేతులు కప్పి బఠాణీకాయలు వలిపించింది, గ్లాసు కడిగించింది, గుండీలు పెట్టించింది. ఇప్పుడు గువ్వ చెయ్యి మైనం ముద్ద. ఎటు తిప్పితే అటు.

"మా ఆయనైనా నా మాట వినడు గానీ, ఇది నీ చెయ్యి వింటోంది తల్లీ!" అని వాళ్ళమ్మ మురిసిపోయేది.

ఆ మధ్యాహ్నం టీచరు చేతులు కడుక్కుని వచ్చేసరికి గువ్వ స్టూలు ఖాళీగా ఉంది. వరండా చివర, సామాన్ల గది వైపు, ఫ్యాన్లు బాగుచేయడానికి వచ్చినతను పిల్లను నడిపించుకుపోతున్నాడు. అతని అరచెయ్యి గువ్వ చేతిని కప్పి ఉంది. అచ్చం టీచరు వేసినట్టే.

"ఎక్కడికి?"

అతను తొణకలేదు. "స్విచ్చు వెయ్యడం నేర్పుదామనమ్మా. రోజూ కిటికీలోంచి చూస్తున్నాగా, మీరెలా నేర్పుతారో. బంగారుతల్లి, కిక్కురుమనదు."

సామాన్ల గదికి కరెంటే లేదు.

పెద్ద టీచరు వింటూనే విసుక్కుంది. "ఏం జరిగిందనీ? గోరంత దాన్ని కొండంత చెయ్యకు. అతను మా మరిది పంపిన మనిషి. పని అయ్యేదాకా వస్తాడు."

"జరిగాక చెప్పమంటారా మేడమ్?"

"నోరు బాగా లేస్తోందే!"

గువ్వ వాళ్ళమ్మ విని పిల్లను దగ్గరికి లాక్కుంది. "నేను పనికెళ్ళాలి. ఇంట్లో ఎవరి దగ్గర వదలను? నువ్వున్నావుగా" అని మాత్రం అంది.

మర్నాడు టీచరు తలుపుకెదురుగా కూర్చుని, చెయ్యి వెనక్కి లాక్కోవడం నేర్పబోయింది. మణికట్టు పట్టి లాగి చూపించింది. గువ్వ లాగింది. వదిలి మళ్ళీ పట్టుకుంటే అలాగే ఇచ్చేసింది. లాక్కోవడం కూడా చెప్పినట్టు చేసిందే తప్ప, వద్దనుకుని చేసింది కాదు.

గువ్వకు జిగురంటే ఒళ్ళు జలదరింపు. టీచరు గిన్నెలో మైదా జిగురు కలిపి, పిల్ల చేతిని అందులోకి నడిపించింది. గువ్వ నిలువెల్లా వణికింది. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. చెయ్యి మాత్రం ఎదురు తిరగలేదు, మణికట్టుదాకా మునిగింది. టీచరు కడిగింది, తుడిచింది, మళ్ళీ ముంచింది.

"లాక్కోవే నా తల్లీ. కొట్టు నన్ను. కొరుకు."

వరండాలో నిచ్చెన ఈడుస్తున్న చప్పుడు దగ్గరికొచ్చింది.

ఈసారి వేళ్ళు జిగురును తాకకముందే టీచరు అరచేతి కింద నరాలు బిగిశాయి. గువ్వ కీచుమంటూ చెయ్యి లాక్కుంది. గిన్నె ఎగిరి నేలమీద పడింది. పిల్ల రెండు చేతులూ చంకల్లో దాచుకుని, శత్రువును చూసినట్టు టీచరును చూసింది.

గుమ్మంలో అతను ఎప్పుడొచ్చి నిలబడ్డాడో. చిందిన జిగురునూ, దాచుకున్న చేతులనూ చూసి నాలుక చప్పరించాడు.

"నిన్నటిదాకా ఎంత బుద్ధిగా ఉండేది. చెడగొట్టేశావమ్మా."

నిచ్చెన గోడకు ఆనించాడు గానీ ఎక్కలేదు.

టీచరు గిన్నె తీసుకుని, అడుగున మిగిలిన జిగురు గీకింది. గువ్వ ముందు మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి చాపింది.

"మళ్ళీ" అంది.