ఒంటరిగా అరగంట

"ఇవాళ గానీ ఆలస్యమైందా, ఇంట్లో ఏదో ఒకటి జరిగి తీరుతుంది చూడు," అంది రోలీన్, సూప్‌లో గరిటె తిప్పుతూ.

"పొద్దున్నే ఏం మాటలే అవి! నువ్విలా పిలుస్తూ ఉంటే రానిది కూడా వస్తుంది," అంది పక్కన రొట్టెలు సర్దుతున్న జోడీ.

రోలీన్‌కి నవ్వు రాలేదు. మిన్నెసోటాలో ఆ ఊరి బడి వంటగదిలో ఆమె పని రెండింటికి అయిపోవాలి. అత్తగారు ఇర్మా మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్న దగ్గర్నుంచీ చక్రాల ఊత పట్టుకునే నడుస్తోంది. నిజానికి ఆవిడ పడింది ఒక్కసారే. రోలీన్ తలలో మాత్రం రోజూ పడుతూనే ఉంటుంది.

ఆ రోజు పిల్లలకి సెలవు. భోజనాల హాల్లో టీచర్లకి మనసు తేలికపరచుకునే క్లాసు పెట్టారు. కళ్ళు మూసుకోండి, నెమ్మదిగా ఊపిరి తీసుకోండి, రోజూ అరగంట ఫోను లేకుండా ఒంటరిగా నడవండి అని ఎవరో మెత్తని గొంతుతో చెబుతున్నారు. వడ్డించే కిటికీ వెనకాల తడిచేతులతో నిలబడి రోలీన్ కూడా కళ్ళు మూసింది. ఊపిరి సగం దాకా వెళ్ళిందో లేదో, సూపర్‌వైజర్ పరిగెత్తుకొచ్చింది.

"అమ్మాయిలూ, ఆ పళ్ళేల చప్పుడేంటి? క్లాసయ్యాక కడుక్కోండి."

"మరి మేం ఇంటికెళ్ళేది?"

"ఒక్కరోజుకి సర్దుకోండి. పాపం, వాళ్ళెంత ఒత్తిడిలో ఉన్నారో మీకేం తెలుసు!"

తెలియదట! సూపు కాచిందెవరు, ఆ ప్రశాంతతకి రొట్టెలు కోసిందెవరు? గోడకి ఆ పక్క ఉన్నవాళ్ళకి నరాలుంటాయి, ఈ పక్క ఉన్నవాళ్ళకి చేతులే ఉంటాయి కాబోలు. గుండె దడగా ఉందంటే "నీది మరీ చాదస్తం" అంటాడు మొగుడు ఎల్డన్. "మా రోజుల్లో దిగులుపడ్డానికైనా తీరికేదీ" అంటుంది ఇర్మా. అందరి తరఫునా తనొక్కతే భయపడుతోంది కాబట్టి వాళ్ళు నిశ్చింతగా ఉన్నారు. వాళ్ళ నిశ్చింతని కూడా తనే వండి వడ్డిస్తోంది. పైగా చాదస్తమని పేరు. పళ్ళేలు కడుగుతున్నంతసేపూ ఒళ్ళు మండుతూనే ఉంది.

ఇల్లు చేరేసరికి నాలుగు దాటింది. ఎల్డన్ టీవీ ముందు వాలుకుర్చీలో ఉన్నాడు. అతను చేసే రోడ్డు పనులు మంచు కరిగేదాకా ఉండవు, చలికాలమంతా ఇంట్లోనే.

"ఇంతసేపా? అమ్మ ఇంకా తినలేదు. నువ్వొస్తావని చూస్తున్నాం."

"ఫ్రిజ్‌లో పెట్టే వెళ్ళాగా!"

"వేడి చెయ్యాలి కదా."

రోలీన్ కోటు విప్పలేదు. "నేను అరగంట నడిచొస్తాను," అంది.

"వెళ్ళు, నేనొద్దన్నానా? మంచిదే ఒంటికి. వెళ్ళే ముందు అది కాస్త అవెన్‌లో పెట్టు. కుక్కని కూడా తీసుకెళ్ళు. వచ్చేటప్పుడు పాలు తే. ఆఁ, ఫోను దగ్గరుంచుకో, ఏదైనా కావాలంటే చేస్తాం."

నడకని కూడా ఒక పనిగా చేసి పెట్టాడు మహానుభావుడు! కుక్క మెడలో తాడుతో తలుపు దగ్గర ఎగురుతోంది. దాని తప్పేముంది? రోలీన్ ఒంగి దాని తాడు విప్పింది. ఫోను తీసి బల్ల మీద పెట్టింది. పొయ్యి, నీళ్ళగొట్టం, బాత్రూం గడప, అన్నీ ఒక్కసారే కళ్ళముందు తిరిగాయి.

"అదేంటి, ఫోను ఇక్కడ పెట్టేస్తున్నావు?" ఎల్డన్ మొదటిసారి టీవీ గొంతు తగ్గించాడు. "నువ్వు లేనప్పుడు అమ్మ పడిపోతే?"

ఇన్నాళ్ళూ తన గొంతులో ఇరుక్కున్న మాట అతని నోట వినపడేసరికి ఆమె నిలువెల్లా ఒక్కసారి తేలికైంది.

"పడిపోతే నువ్వేం చేస్తావు, ఎల్డన్?"

అతను తల్లి వంక చూశాడు. టీవీలో ఎవరో గోలు కొట్టారు, ఇంట్లో ఎవరూ చూడలేదు. కుక్క కూడా కూర్చుండిపోయింది. రోలీన్ జవాబు కోసం నిలబడే ఉంది.

కిటికీ పక్కనుంచి ఇర్మా గొంతు సవరించుకుంది.

"లేపుతాడు," అంది. "వాడికీ రెండు చేతులున్నాయి. నువ్వెళ్ళు."