యార్డు ఖాళీ, కేజ్ నిండు

నేను ఒక పాత ట్యాబ్‌ను. ఏడంగుళాల అద్దం, అరిగిన అంచులు, ఒక్క జీబీ ర్యామ్: నా ఆస్తి ఇంతే. పుట్టినప్పుడు అది చాలునన్నారు. అన్నవారే రెండేళ్లు తిరగకుండా నన్ను పాతదన్నారు. ఏదో కర్మాగారంలో చేతితొడుగులు వేసుకున్న ఆడపిల్లలు నా వెన్ను బిగించి, ఒకసారి వెలిగించి చూసి, పెట్టెలో పడుకోబెట్టారు. మొదట ఒక బీమా ఏజెంటు సంచిలో మూడేళ్లు తిరిగాను. మనుషులు తమ చావు గురించి ఎంత తీరిగ్గా మాట్లాడుకోగలరో అక్కడే విన్నాను. తరువాత సారంగం చేతికి వచ్చాను. అతడు వాడి, విసిగి, గోదావరిఖనిలోని తన బావ ఓదేలుకు నన్ను అప్పగించాడు.

ఓదేలు ముప్పై ఏళ్లు బొగ్గుగనిలో వైండింగ్ ఇంజను నడిపినవాడు. కేజ్ అనే ఇనుప బోనులో నిలబడిన కార్మికులను భూగర్భంలోకి దించడం, తిరిగి పైకి లాగడం ఆయన పని. పదవీ విరమణ చేసిన ఏడాదికే పక్షవాతం ఆయన ఎడమ చేతిని పడగొట్టింది. ఫిజియోథెరపీ డాక్టరమ్మ నాలో ఒక బుడగల ఆటను ఎక్కించి, "ఎడమ చూపుడువేలితోనే పగలగొట్టాలి. పొద్దున, సాయంత్రం ట్యాబ్లెట్ వాడండి" అని చెప్పింది.

"తిన్నంకనా, తినకముందా?" అని అడిగింది ఆయన భార్య లసుమక్క.

నన్ను మందుగా లెక్కించినది నా బతుకులో ఆమె ఒక్కతే.

ఇరవై లెవెళ్లు సాగాయి. ఇరవై ఒకటో దానిలో బుడగలు రెట్టింపవుతాయి, నాకు ఊపిరాడదు. తెర ఒక్క క్షణం కొయ్యబారి, ఆట మూసుకుపోతుంది. మొదటిరోజు ఓదేలు నవ్వాడు. పదోరోజు తన వేలినే చూసుకుంటూ కూర్చున్నాడు.

"ఇది సచ్చిన వేలు, లసుమా. ఎట్లవడితె గట్ల ఒత్తుతున్న. గందుకే బందైతంది. ఇగ నాతోని గాదు."

తప్పు నాదని చెప్పడానికి నాకు నోరు లేదు. "దురదృష్టవశాత్తు ఆట ఆగిపోయింది" అన్న ఒక్క వాక్యమే నాకు నేర్పారు. ఎవరి దురదృష్టమో అందులో ఉండదు.

రెండు రోజులు ఆయన నన్ను ముట్టలేదు. మూడోనాడు సారంగం వచ్చాడు.

"మెమరీ లేదు బావా, గంతే" అని తేల్చి, నాలోని ఫొటోలన్నిటినీ తుడిచేశాడు. వైండింగ్ గదిలో చివరిరోజు ఓదేలు దండతో నిలబడిన ఫొటో కూడా పోయింది. ఆట తెరిచారు. ఇరవై ఒకటిలో మళ్లీ ఆగింది.

"లోపల ఇంకేమన్న నడుస్తున్నయారా?" అన్నాడు ఓదేలు.

సారంగం అడుగునున్న చదరపు గుర్తు నొక్కాడు. వార్తలు, వాతావరణం, భజనలు, క్రికెట్, ఇంకా ఏవేవో, మూయకుండా వదిలేసిన యాప్‌లు పదకొండు బయటపడ్డాయి. ఓదేలు వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"గని పైన యార్డు ఊడ్చినవ్. జనం కేజ్‌లనే ఉన్నరు గదరా! యార్డు ఖాళీ అయితే కేజ్‌ల జాగైతదా?"

దాచుకునే చోటునూ, ఆ క్షణాన మోసే బలాన్నీ మనుషులు మెమరీ అనే ఒకే మాటతో పిలుస్తారు. ఆ రెండింటికీ ఉన్న తేడా మనుషుల బరువు మోసిన ఆ ఇంజను డ్రైవరుకే తెలిసింది.

"దించు, ఒక్కొక్కల్ని."

"గా క్రికెటన్న ఉండనీ బావా!"

"నువ్వెక్కినా దించుత."

మూసినా మళ్లీ వెనకదారిన ఎక్కే రెండింటిని పూర్తిగా తొలగించి, నన్ను ఒకసారి ఆర్పి వెలిగించారు. ఓదేలు ఎడమ వేలితో మంచం కోడును మూడుసార్లు కొట్టాడు. గనిలో మూడు గంటలు మోగితే మనుషులు ఎక్కారని అర్థమట. ఆట మొదలైంది. ఇరవై ఒకటి దాటింది.

"సచ్చింది వేలు గాదే, లసుమా."

"నేను జెప్తే ఇన్నవా?" అంటూ ఆమె ముఖం అటు తిప్పుకుంది.

మరునాడు ఆయన ఆ ఫొటో కోసం నాలో వెతికాడు. ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఆరునెలలకు ఆట కొత్త రూపు తొడిగి, ఈ పరికరం తనకు చాలదని ప్రకటించింది. అప్పటికి ఓదేలు చొక్కా గుండీలు తానే పెట్టుకుంటున్నాడు. ఇప్పుడు నేను బీరువాలో, పాత దుప్పట్ల కింద ఉన్నాను. లోపల పెట్టేముందు ఆయన నా పక్క బొత్తాన్ని గట్టిగా అదిమి, అద్దంపై ఒక్కసారి కొట్టాడు.

"గదేంది?" అంది లసుమక్క.

"గనిల ఒక్క గంట కొడితె ఆగుమని."

తెర ఆరేలోగా ఆ ఎడమ వేలి బరువు నాకు తెలిసింది. నిండు బరువు.