దారం కట్టిన కాయ

తెల్లబడ్డ తాలుకాయను పక్కకు విసిరి, ఎర్రకాయను ఒళ్లోకి లాక్కుంటూ దీనమ్మ మళ్లీ "స్తోత్రం తండ్రీ" అంది. ఎందుకన్నదో పక్కనున్న ఆడవాళ్లకు అర్థం కాలేదు. చిన్న గాలి వీచి మిరప ఘాటును కాస్త అవతలికి తీసుకుపోయింది, అంతే. ముక్కుకు కట్టుకున్న పాతచీర పేలిక చెమటకు తడిసిపోయింది. వేళ్ల కొసలు పగిలి ఎర్రబడ్డాయి. పొద్దుటి నుంచి ఎడమ రెక్క ఒకటే లాగుతోంది. చండ్రుగొండ అవతల, అడవిని ఆనుకున్న ఆ కల్లంలో పెళ్లయిన నాటి నుంచీ ఆమె పని ఇదే.

"ఏందే దీనమ్మా, చేతులు మండుతుంటే గూడ స్తోత్రమేనా?" అని కల్లం ఆసామి రామ్‌చందర్ ఎగతాళి చేశాడు.

"మండుతున్నట్టు తెలుస్తున్నది గద పటేలా. చెయ్యి పడిపోయినోళ్లకు గది గూడ తెల్వది."

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. ఆమెకూ నవ్వొచ్చింది.

ఈ గుణం ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. మొగుడు జంపయ్య జ్వరంతో చనిపోయిన ఏడు, ఆమె నోరు తెరిస్తే శాపనార్థాలే. చర్చికి పోయేది, దేవుడితో తగాదా పెట్టుకుని వచ్చేది. పాస్టరమ్మ ఒకనాడు, "పండుకునే ముందు ఒక్క మేలు ఎతుక్కో దీనమ్మా, ఒక్కటి చాలు" అని చెప్పింది. ఆ రాత్రి ఎంత వెతికినా ఏదీ దొరకలేదు. చివరికి ఇంట్లో ఉప్పుందని గుర్తొచ్చింది. కోపంగానే ఆ ఉప్పుకు స్తోత్రం చెప్పి అటు తిరిగి పడుకుంది. మర్నాడు ఇంకొకటి వెతికింది. తీగను కప్పు మీదికి పాకించినట్టు, జారినప్పుడల్లా ఎత్తి కట్టుకుంటూ మనసును అటు మళ్లించుకుంది. ఎంత మొండి మనిషో!

రేపు ఆదివారం కోతపండుగ. పొలాలున్నవాళ్లు వడ్లో, మిరపకాయలో, కోళ్లో తెచ్చి చర్చిలో బల్ల ముందు పెడతారు. ప్రార్థన అయ్యాక వాటిని వేలం వేస్తారు. సెంటు భూమి లేని దీనమ్మ ఏటా పక్కవాళ్ల గంపలు మోసుకెళ్లి, వెనక కూర్చునేది. ఈ ఏడు ఆమె గుడిసె మీద గుమ్మడితీగ కాసింది. తొలికాయ పిందెగా ఉన్నప్పుడే తొడిమకు తెల్లదారం కట్టింది. అది దేవుని కాయ అని గుర్తు. ఆ ఊరి విశ్వాసులు దారం కట్టిన కాయను ముట్టరు. తనదంటూ ఒక కాయను తన చేతులతో తీసుకెళ్లి బల్ల ముందు పెట్టాలి. ఆమెకున్న ఆశంతా అదొక్కటే.

పొద్దుగూకి ఇంటికొచ్చేసరికి కప్పు మీద కాయ లేదు.

కోడలు కవిత పొయ్యి దగ్గర తలొంచుకుని నిలబడింది. "పిల్లలు పొద్దుగాల్నుంచి ఏం తినలే అత్తమ్మా. నీ కొడుకు ఖమ్మం నుంచి ఇంకా రాలే. దారం సూసే తెంపిన. ఏమన్న అను."

దీనమ్మ గడపలో కూలబడింది. ఒక్క మేలు కోసం వెతికింది, ఉప్పు గుర్తొచ్చిన ఆ రాత్రి వెతికినట్టే. ఏదీ దొరకలేదు. లోపల మనవలిద్దరూ కంచాలు నాకుతున్న చప్పుడు. చాలాసేపు ఆ చప్పుడే వింటూ కూర్చుంది. తర్వాత లేచి చేతులు కడుక్కుంది.

"నాకు గూడ పెట్టు బిడ్డా."

ఒక ముద్ద తిని, "ఉప్పు మంచిగ సరిపోయింది. స్తోత్రం తండ్రీ" అంది. కవిత భోరుమంది.

"ఏడ్వకు. గింజలేం జేసినవ్?"

కవిత పరుగెత్తుకెళ్లి పెంట మీద పారేసిన గింజలు ఏరుకొచ్చింది. దీనమ్మ ఎడమచెయ్యి సహకరించక, కుడిచేత్తోనే వాటిని కడిగి చాటలో ఆరబోసింది. "రేపు ఇయ్యే తీస్కపోత. వేలంల ఎవలన్న కొనుక్కొని నాటుకుంటరు. నాకు కాసింది ఒక్క కాయనే, ఆయనకు ఎన్ని కాస్తయో!"

తెల్లవారి కవిత లేపితే దీనమ్మ లేవలేదు. పండుగకని మడతపెట్టుకున్న తెల్లచీర తలవైపు అలాగే ఉంది. నిద్రలోనే పోయింది మహాతల్లి.

వాకిట్లో చుట్టుపక్కలవాళ్లు చేరుతుండగా కవిత కళ్లు తుడుచుకుని, చాట ఎత్తుకుని చర్చికి నడిచింది. అది పెట్టేసి, వెంటనే ఇంటికి తిరిగొచ్చింది.

వరికంకులకూ కాళ్లు కట్టేసిన కోళ్లకూ మధ్య, బల్ల ముందు ఆ చాట ఉంది. తడి పూర్తిగా ఆరని గుమ్మడిగింజల మీద, కవిత పొయ్యిలో వెయ్యలేక గూట్లో దాచిన తెల్లదారం, విప్పని ముడితో.