పెద్ద సిస్టర్ గొంతు

ఆ బళ్ళో మ్యూజిక్ టీచరుకి రెండు పనులు బాగా వచ్చు. ఒకటి పాడటం, రెండోది ఎదుటివాళ్ల గొంతు దించెయ్యడం. మొదటిదానికి జీతమిచ్చేవాళ్లు. రెండోదానికి స్టాఫ్‌రూములో అందరూ టీ చల్లారిపోయేదాకా నవ్వేవాళ్లు. ప్రిన్సిపల్ సిస్టర్ కళ్లజోడు సర్దుకుంటూ "ఒక్క నిమిషం, ఒక్కటే నిమిషం" అనడం, లెక్కల మాస్టారు ముక్కుతో మాట్లాడటం, ఫాదర్ గారు ప్రసంగం మధ్యలో తుమ్ము ఆపుకోవడం, ఏదడిగినా క్షణంలో చేసి చూపించేది. ఆమెకి ఎవరి మీదా కడుపులో కోపం లేదు. నలుగురు నవ్వితే అదొక తృప్తి, అంతే.

పొద్దున్న ప్రార్థన చదివించేది కూడా ఆమే. ఆఫీసు పక్క చిన్న గదిలో మైకు ఉండేది. ప్రతి క్లాసులోనూ నల్లబల్ల పైన ఒక స్పీకరు డబ్బా. మొదటి గంట కాగానే ఆమె గొంతు బడంతా వినిపించేది. "ప్రతి మనిషిలోనూ దేవుణ్ణి చూద్దాం" అని ఆ ఏడాదికి బడి పెట్టుకున్న మాట. మీటింగులో ఆ మాట సూచించింది ఆమే. గేటు పక్క గోడ మీద నీలం రంగుతో రాయించారు.

ఆ రోజు ప్రార్థన అయింది. ఆమె మైకు మీట నొక్కి కుర్చీలో వెనక్కి వాలింది. పీటీ సారు ఆటల పోటీల గురించి చెప్పడానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మేడం, ఇందాక చాపెల్ పక్కనుంచి వస్తున్నాను. పెద్ద సిస్టర్ ఇంకా ప్రార్థన చేస్తూనే ఉన్నారు. గంట కొట్టినా వినపడదు పాపం," అన్నాడు.

పెద్ద సిస్టర్‌కి ఎనభై మూడేళ్లు. నలభై ఏళ్లు ఒకటో క్లాసు పిల్లలకి అక్షరాలు దిద్దించింది. ఇప్పుడు బళ్ళోనే ఉన్న ఆ ప్రార్థన మందిరం పక్క గదిలో కూర్చుని పిల్లల యూనిఫారాలకి ఊడిన గుండీలు కుడుతుంది. రోజూ పొద్దున్నే పిల్లల్ని పేరుపేరునా తలుచుకుని పైకే ప్రార్థిస్తుంది. సగం పేర్లు గుర్తురావు. పళ్ల సెట్టు వదులై మాట మాటకీ టక్కుమంటుంది.

పీటీ సారు అలా అనేసరికి మ్యూజిక్ టీచరు ఆగలేకపోయింది. దవడలు లోపలికి లాక్కుని, గొంతు వణికిస్తూ మొదలెట్టింది. "ప్రభువా... టక్... ఆ నాలుగో క్లాసు పిల్లని కాపాడు... రెండు జడల పిల్ల... టక్... పేరేంటబ్బా... ఆ... పేరేంటబ్బా... పోనీలే ప్రభువా, నీకు తెలుసుగా... టక్... నాకెందుకు చెప్పవు మరి?"

పీటీ సారు తలుపు పట్టుకుని వంగిపోయి నవ్వాడు. ఆ నవ్వుకి ఆమెకి ఇంకా హుషారొచ్చింది. రెండు నిమిషాలు సాగదీసింది. అప్పుడు వినిపించింది పై అంతస్తు నుంచి హోరు. బడి మొత్తం నవ్వుతోంది. ఎనిమిది వందల మంది పిల్లలు బల్లలు చరుస్తూ నవ్వుతున్నారు.

ఆమె మైకు వంక చూసింది. మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

మీట నొక్కితే ఈసారి దీపం ఆరింది. పీటీ సారు నవ్వు మొహంలోనే గడ్డకట్టుకుపోయింది. "నేను వెళ్తాను మేడం, గ్రౌండులో పిల్లలున్నారు," అని జారుకున్నాడు.

పది నిమిషాల్లో ప్రిన్సిపల్ సిస్టర్ నుంచి పిలుపొచ్చింది. ఉద్యోగం ఊడుతుందనే అనుకుంటూ వెళ్లింది. ప్రిన్సిపల్ సిస్టర్ చాలాసేపు బల్ల మీద కాగితాలు సర్దుతూ కూర్చుంది.

"టీచర్, మిమ్మల్ని తిట్టాలనే పిలిచాను," అంది చివరికి. "కానీ మీరు చేస్తుంటే నేనూ నవ్వాను. పైకే నవ్వాను. క్లర్కు చూశాడు. ఇంక మిమ్మల్ని ఏమని తిట్టను?"

"సిస్టర్, పెద్ద సిస్టర్..."

"ఆవిడకి వినపడలేదు. చెవి మిషను పెట్టుకోరు కదా. చాపెల్‌లో స్పీకరు కూడా లేదు. మీరు వెళ్లి చెప్పి ఆవిడ మనసు కష్టపెట్టకండి. పిల్లలు వారం రోజుల్లో మర్చిపోతారు."

ఆ మాట వినగానే ఆమెకి ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా, అన్నిటికంటే ఎక్కువ సిగ్గేసేది ఆ క్షణానికే. క్షమించమని అడగక్కర్లేదని తెలిసి సంతోషపడింది. "మీరెలా చెబితే అలాగే సిస్టర్," అని వినయంగా తలూపి బయటికొచ్చింది.

పిల్లలు మర్చిపోలేదు. మధ్యాహ్నానికే "పేరేంటబ్బా" అనే మాట బడంతా పాకిపోయింది. పెన్సిలు పోతే పేరేంటబ్బా. లెక్క రాకపోతే పేరేంటబ్బా. హాజరు పిలుస్తుంటే వెనక బెంచీ నుంచి పేరేంటబ్బా, టక్.

ఆమె కూతురు అదే బళ్ళో ఆరో క్లాసు. సాయంత్రం భోజనాల దగ్గర ప్రార్థన చెప్పమంటే, ఆ పిల్ల చేతులు జోడించి, కళ్లు మూసుకుని, దవడలు లోపలికి లాక్కుంది. "ప్రభువా... ఈ కూర చేసినావిడని దీవించు... టక్... పేరేంటబ్బా..."

భర్త పొలమారేలా నవ్వాడు. "అచ్చం నీలాగే చేస్తోందే!" అన్నాడు.

నిజానికి తనకంటే బాగా చేసింది. చివర్లో పెద్ద సిస్టర్ తల పక్కకి వాల్చి, గుర్తురాని పేరు కోసం ఆగే తీరు కూడా పట్టేసింది. తను ఇన్నేళ్లూ కూతురికి ప్రార్థనలు నేర్పింది, పాటలు నేర్పింది. ఇంత త్వరగా ఏదీ నేర్చుకోలేదు. "తప్పు, అలా చెయ్యకూడదు," అంది. "నువ్వే కదమ్మా చేశావు?" అంది పిల్ల, అమాయకంగానే. ఆమె తన కంచం తీసుకుని లేచింది.

వారం తర్వాత పాటల పోటీకి వేసుకునే తెల్ల చొక్కాలకి గుండీలు లేవని, ఆమె ఆ మూట పట్టుకుని చాపెల్ పక్క గదికి వెళ్లింది. వేరే ఎవరినైనా పంపుదామని చూసింది గానీ ఎవరూ దొరకలేదు. పెద్ద సిస్టర్ కిటికీ దగ్గర కూర్చుని సూదిలోకి దారం ఎక్కించలేక అవస్థ పడుతోంది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"రావే రా! ఈ దారం కాస్త ఎక్కించు. నీకో సంగతి చెప్పాలి," అంది. వినికిడి లేదు కాబట్టి ఆవిడ ఏం చెప్పినా గట్టిగానే చెబుతుంది. "ఈ మధ్య పిల్లలు మారిపోయారే! ఇదివరకు నన్ను చూస్తే పక్కనుంచి వెళ్లిపోయేవాళ్లు. ఇప్పుడు వరండాలో కనపడితే చాలు, పరుగెత్తుకొస్తున్నారు. వచ్చి నాకు వినపడేలా అరిచి మరీ ఏమంటున్నారో తెలుసా? పేరేంటబ్బా, పేరేంటబ్బా అని అడుగుతున్నారు!"

మ్యూజిక్ టీచరు ఎక్కించబోతున్న సూదిని కిటికీ గట్టు మీద పెట్టేసింది.

"నన్ను అందరూ పెద్ద సిస్టర్ అనేవాళ్లే. నా పేరు ఎవరైనా అడిగి ఎన్నేళ్లయిందో! నేను చెబుతున్నాను. నీ పేరేంటి అని వాళ్లనీ అడుగుతున్నాను. చెప్పి, నవ్వుకుంటూ పారిపోతారు. మర్చిపోతానని ఇదిగో, రాసి పెట్టుకుంటున్నా."

ఒళ్లో నుంచి పాత నోటుబుక్కు తీసి చూపించింది. వంకర టింకర అక్షరాలతో నాలుగు పేజీల పేర్లు. వాటిలో కొన్ని అసలు పేర్లే కావు. వెటకారానికి పిల్లలు చెప్పినవి. ఒకచోట ఎవరో కుక్కపిల్ల పేరు చెప్పారు. ఆవిడ దాన్ని కూడా పద్ధతిగా రాసుకుని, పక్కన "మూడో క్లాసు" అని పెట్టింది. ఆ పేరుతో ప్రార్థన కూడా చేసే ఉంటుంది.

భూమి చీలితే లోపలికి పోదామనిపించింది ఆమెకి. చొక్కాల మూట అక్కడే వదిలేసి బయటికొచ్చింది. మెట్ల దాకా వెళ్లింది. ఎవరూ అడగరు, ఆవిడకి ఎప్పటికీ తెలియదు. అలా సంతోషంగానే ఉండనివ్వచ్చు కదా అనుకుంది. కానీ ఆ నోటుబుక్కు కళ్ల ముందు నుంచి కదల్లేదు. వెనక్కి తిరిగి వచ్చి, ఆవిడ కాళ్ల దగ్గర పీట లాక్కుని కూర్చుంది.

"సిస్టర్, చెవి మిషను పెట్టుకోండి. మీతో మాట్లాడాలి."

ఆవిడ సొరుగులోంచి తీసి పెట్టుకుంది. మ్యూజిక్ టీచరు మొదటినుంచీ చెప్పింది. మైకు సంగతి, పీటీ సారు నవ్వు, పిల్లలు ఎందుకు అలా అంటున్నారో, కుక్కపిల్ల పేరు, అన్నీ. ప్రిన్సిపల్ సిస్టర్ నవ్విన విషయం మాత్రం చెప్పలేదు. ఆ తప్పు ఒప్పుకోవాల్సింది తను కాదు.

పెద్ద సిస్టర్ నోటుబుక్కు మూసింది. మొహంలో వెలుగు తగ్గడం కళ్లారా చూడాల్సి వచ్చింది.

"ఏది, చెయ్యి చూద్దాం," అంది.

"ఏంటి సిస్టర్?"

"నాలాగా చేశానన్నావుగా. చెయ్యి."

"వద్దు సిస్టర్. మీ కాళ్లు పట్టుకుంటాను."

"కాళ్లు తర్వాత పట్టుకుందువులే. బడంతా విన్నారు, నేనొక్కదాన్నే వినలేదు. చెయ్యి."

ఆమె చేసింది. ఆవిడ కళ్లలోకి చూడలేక గుండీల డబ్బా వంక చూస్తూ చేసింది. "వినపడటం లేదు, గట్టిగా," అంది పెద్ద సిస్టర్. మళ్లీ గట్టిగా చేసింది. చివరి టక్కు దాకా. స్టాఫ్‌రూములో నవ్వించిన ప్రతి విరుపూ ఆ గదిలో ముల్లులా గుచ్చుకుంది.

పెద్ద సిస్టర్ అంది, "పళ్ల చప్పుడు కూడా వినపడుతుందన్నమాట."

"వినపడుతుంది సిస్టర్."

"నేను లోపలే అనుకుంటున్నాననుకున్నాను, పేర్లు గుర్తురానప్పుడు. పైకి వస్తోందని తెలీదు." చేతిలోని నోటుబుక్కు పక్కన పెట్టింది. "అందుకేనేమో, చర్చిలో బైబిలు పఠనం చదవద్దన్నారు నన్ను. కళ్లు అలిసిపోతాయి సిస్టర్ అన్నారు. నేను నిజమే అనుకున్నా."

మ్యూజిక్ టీచరు ఏడ్చింది. ఆవిడ ఓదార్చలేదు.

"ఇంక వెళ్లు," అంది. "నాకు కోపంగా ఉంది. ఈ వయసులో ఇంత కోపం వస్తుందనుకోలేదు. ప్రార్థన చేసి చూస్తా, తగ్గుతుందేమో."

తర్వాత తొమ్మిది రోజులు ఆ గది తలుపు మూసే ఉంది. మూడో రోజు మ్యూజిక్ టీచరు పొద్దున్న ప్రార్థన చదవకముందే మైకులో బడంతటికీ చెప్పేసింది. "ఆ రోజు నేను చేసింది తమాషా కాదు. నన్ను నమ్మే ఒక పెద్దావిడని ఆవిడ వెనకాల వెక్కిరించాను. మీరు నేర్చుకున్నది నా దగ్గరే. తప్పు మీది కాదు, నాది." పై అంతస్తులో ఎవరో ఒక కుర్రాడు కిసుక్కుమన్నాడు. ఎవరూ అందుకోలేదు.

ఇంటికొచ్చాక కూతురు బ్యాగు విసిరికొట్టింది. "అందరూ నన్నే చూశారు! నా పరువు తీశావు!" రెండు రోజులు తల్లితో మాట్లాడలేదు. స్టాఫ్‌రూములో కూడా పలకరింపులు తగ్గాయి. "మరీ అంత అవసరమా మేడం, సరదాకి అన్నదానికి?" అన్నాడు పీటీ సారు, మొహం చూడకుండా.

పదో రోజు పెద్ద సిస్టర్ బయటికొచ్చింది. వరండాలో పిల్లలు ఆవిడని చూసి గోడకి అతుక్కుపోయి దారిచ్చారు. ఆవిడ ఆ చివరి దాకా నడిచి వెళ్లి, నేరుగా మ్యూజిక్ గదికి వచ్చింది.

"ఏం చెప్పావే పిల్లలకి? చావింట్లో నడిచినట్టు నడుస్తున్నారు నన్ను చూసి! వెక్కిరించడానికైనా దగ్గరికొచ్చేవాళ్లు. ఇప్పుడు అదీ లేదు. నీ మనసు తేలికైంది, బాగానే ఉంది. మరి నా సంగతి?"

ఆమెకి చెంప మీద కొట్టినట్టయింది. తను మైకులో మాట్లాడి బయటికొచ్చినప్పుడు నిజంగానే తేలిగ్గా అనిపించింది. పెద్ద సిస్టర్‌ని అడగాలని కూడా తోచలేదు. మరోసారి ఆవిడ గురించి ఆవిడ లేనప్పుడే బడంతటికీ చెప్పింది.

"ఏం చెయ్యమంటారు సిస్టర్?" అని మొదటిసారి అడిగింది.

పెద్ద సిస్టర్ కుర్చీలో కూర్చుని ఊపిరి తీసుకుంది. "రోజూ నలుగురిని పంపు. ఏ క్లాసైనా సరే. గుండీ కుట్టడం నేర్పుతా. క్షమించండి, గిమించండి అని ఒక్కడు అన్నా వెనక్కి పంపేస్తా. సూదిలోకి దారం నాకు ఎక్కదు. నువ్వొచ్చి ఎక్కించు."

మొదటి రోజు వచ్చిన నలుగురూ మాట్లాడకుండా కుట్టి పోయారు. రెండో వారానికి ఒక పిల్ల వేలికి సూది గుచ్చుకుని గోల చేస్తే, అందరూ నవ్వారు, పెద్ద సిస్టర్ కూడా. కూతురి వంతు వచ్చినప్పుడు ఆ పిల్ల తల్లి పక్కన కూర్చోకుండా అవతలి బల్ల దగ్గర కూర్చుంది. గుండీ మాత్రం బాగా కుట్టింది. పెద్ద సిస్టర్ వాళ్ల పేర్లు అడిగేది, మర్చిపోయేది, మళ్లీ అడిగేది. పిల్లలు విసుక్కోకుండా చెప్పేవాళ్లు. ఒక్కోసారి విసుక్కునేవాళ్లు కూడా.

మ్యూజిక్ టీచరు రోజూ మధ్యాహ్నం వెళ్లి సూదులు సిద్ధం చేసిపెట్టేది. స్టాఫ్‌రూములో ఎవరి గొంతూ దించడం మానేసింది. అడిగితే, రావడం లేదనేది. నిజానికి వస్తూనే ఉంది. ఎవరు మాట్లాడినా ఆ విరుపు నాలుక చివరకొచ్చి నిలబడేది. దాన్ని మింగినప్పుడల్లా సిగ్గేసేది.

పరీక్షల ముందు ఒకరోజు, పిల్లలు వెళ్లిపోయాక, ఆమె ధైర్యం చేసి అడిగింది. "కోపం తగ్గిందా సిస్టర్?"

పెద్ద సిస్టర్ నిజాయితీగా ఆలోచించింది. "చాలావరకు తగ్గింది. పూర్తిగా కాదు. పొద్దున్న ప్రార్థనలో నీ పేరు వచ్చేసరికి ఇంకా కాస్త ఆగుతున్నాను," అంది. "మర్చిపోయి కాదు."

ఆమె తల వంచుకుని తర్వాతి సూదిలోకి దారం ఎక్కించింది.