మల్కియా కరిచిన చెయ్యి

1987 ఆగస్టు 12, బుధవారం. తెల్లవారుజామున నాలుగు చినుకులు పడి ఆగిపోయాయి. మేము కూసి అని పిలిచే దక్షిణపు గాలి సముద్రం మీంచి ఏకబిగిన వీస్తోంది. ఎండ వచ్చీ రానట్టుంది. మా దీవిలో, లాము పట్నంలో అలాంటి పొద్దున పిల్లులన్నీ రేవు గోడ మీద చేరి ఒళ్ళు ఆరబెట్టుకుంటాయి.

మా పిల్లుల గురించి ఒక మాట చెప్పకుండా ముందుకి పోవడం అన్యాయం. పొడుగు మెడ, సన్నటి కాళ్ళు, నిటారుగా కూర్చునే తీరు. మొంబాసా పిల్లుల్లా బొద్దుగా, బద్ధకంగా ఉండవు. ఊరు తమదే అన్నట్టు నడుస్తాయి. సామాను మోసే గాడిద ఎదురొస్తే గాడిదే పక్కకి జరగాలి. వాటిని మేము పెంచమని, అవే మమ్మల్ని ఉండనిస్తున్నాయని మా ముసలమ్మలు గొప్పగా చెప్పుకుంటారు.

ఆ రోజు కూడా ఫుండీ షేలాలి రేవుకి వెళ్ళి చేపలు కొన్నాడు. ఫుండీ అంటే పనితనం ఉన్నవాడు. ఆ మాట ఊళ్ళో చాలామందికి వాడతారు గానీ, పేరు చెప్పకుండా ఉత్త ఫుండీ అంటే మాత్రం షేలాలే. తలుపులు చెక్కేవాడు. వెనకాలే తోక నిలబెట్టి మల్కియా. మల్కియా అంటే రాణి. ఆ పేరు పెట్టింది షేలాలి కూతురు జైతూని. తలుపుల మీద పువ్వుల నమూనాలు గీసేది కూడా ఆమే. కానీ తండ్రి ఆమెని ఉలి పట్టుకోనిచ్చేవాడు కాదు. "ఆడపిల్ల వేళ్ళు గీతకే. కోతకి కాదు," అనేవాడు. ఉలి పట్టే హక్కు మేనల్లుడు స్వాలేదని అందరూ అనుకునేవారు. స్వాలే మరీ ఎక్కువగా అనుకునేవాడు.

షేలాలి చెక్కిన తలుపులకి సొంత బుద్ధి ఉండేది. ఎవరికి తెరుచుకోవాలో అవే చూసుకునేవి. గడియ తీసినా, భుజం పెట్టి నెట్టినా ఇష్టం లేకపోతే కదిలేవి కావు. ఒకసారి ఒక పెళ్ళికొడుకుని మధ్యాహ్నమంతా వీధిలో నిలబెట్టేశాయి. అతను పోయి, అలిగి కూర్చున్న తల్లిని బతిమాలి వెంటబెట్టుకొచ్చాక తెరుచుకున్నాయి. పులావు చల్లారిపోయిందని గొణిగారే తప్ప ఇంకెవరూ ఏమీ అనలేదు. వాన పడితే ఆగుతాం కదా, అలాగే.

ఆ వారం షేలాలి పాటె దీవి ఓడ యజమాని ఇంటికి పనస చెక్కతో తలుపు చేస్తున్నాడు. రెండు రెక్కల మధ్య నిలువు దిమ్మ మీద పువ్వులు సగానికి వచ్చాయి. పని బల్ల కింద మల్కియా కునుకు తీస్తోంది. ఎక్కడి నుంచో ఒక గండుపిల్లి చొరబడింది. రెండూ కలియబడ్డాయి. దిమ్మ మీద పడతాయని షేలాలి చెయ్యి అడ్డం పెట్టాడు. మల్కియా పళ్ళు అతని కుడి బొటనవేలి మొదట్లో దిగాయి.

చూస్తే చిన్న చుక్కలు. రక్తం కూడా పెద్దగా రాలేదు.

"కడుక్కో నాన్నా, సబ్బు తెస్తాను," అంది జైతూని.

"పిల్లి నోరు శుభ్రమే. అది మూతి పెట్టిన నీళ్ళతో నమాజుకి కాళ్ళూ చేతులూ కడుక్కుంటాం. మళ్ళీ కడుక్కోవడమేంటి?" అని షేలాలి ఆ చుక్కల మీద కాఫీ పొడి అద్ది, మళ్ళీ ఉలి పట్టుకున్నాడు.

ఈ పొరపాటు మా ఊళ్ళోనే జరుగుతుంది. ఇంకెక్కడైనా పిల్లి కరిస్తే తిట్టుకుంటూనైనా కడుక్కుంటారు.

మర్నాడు పొద్దునకి చెయ్యి పొంగింది. ఉలి పిడి చుట్టూ వేళ్ళు ముడుచుకోవడం లేదు. మణికట్టు మీంచి మోచేతి వైపు ఎర్రటి చార పాకింది. ఒళ్ళు వేడిగా ఉంది.

"ఆసుపత్రికి పద నాన్నా."

"లాము ఫుండీ పిల్లి కరిచిందని ఆసుపత్రికి పోయాడంటే గాడిదలు కూడా నవ్వుతాయే. సింహం కరిస్తే పోతాను."

స్వాలే అందుకున్నాడు. "మామ చెప్పింది నిజం. అక్కడికి పోతే చెయ్యి తీసేస్తారు. ఏదో ఆకు నూరి కడితే అదే పోతుంది. ఈలోపు పాటె తలుపు నేను ముగిస్తాలే."

"నువ్వు ముగిస్తే అది తలుపు కాదురా, పెట్టె మూత," అన్నాడు షేలాలి, నొప్పిలో కూడా.

మధ్యాహ్నం మసీదు నుంచి వచ్చేసరికి అతని ఇంటి తలుపు తెరుచుకోలేదు. తోశాడు. తట్టాడు. లోపల నుంచి జైతూని లాగింది. కదల్లేదు.

ఎదురింటి బీ మ్వానాషా కిటికీలోంచి తొంగి చూసింది. "ఏం ఫుండీ, నీ తలుపే నిన్ను రానివ్వడం లేదా?"

"ఎండకి బిగుసుకుంది."

"నీ తలుపా! ఇరవై కూసి గాలులు చూసినా బిగుసుకోని తలుపు. సరే, మా ఇంట్లోకి రా, మిద్దె మీంచి దాటుదువుగాని."

ఆమె తలుపూ అతను చెక్కిందే. అదీ తెరుచుకోలేదు. పక్కిల్లూ అంతే. ఆ పక్కదీ అంతే. చెయ్యి గుండెకి హత్తుకుని, చెమటలు కక్కుతూ, తాను పువ్వులు చెక్కిన ఒక్కొక్క తలుపు ముందూ నిలబడి బతిమాలుకుంటూ షేలాలి వీధంతా తిరిగాడు. ఆ వీధిలో అతను చెయ్యని తలుపు లేదు. అదే అతని గర్వం.

వీధి చివర రాతి అరుగు మీద ముసలి పంతులు ముఆలిము బాదీ కూర్చుని ఉన్నాడు. షేలాలి చెయ్యి చూసి జపమాల పక్కన పెట్టాడు.

"కడుక్కున్నావా?"

"పిల్లి కదా, ముఆలిము."

"పిల్లి తాగిన నీళ్ళు పనికొస్తాయన్నారు, నిజమే. నేనే నీకు నేర్పాను. దాని పన్ను నీ రక్తంలో దిగినా ఏమీ కాదని నేర్పానా? పో, ఇంకా తెరిచి ఉన్న తలుపు ఎక్కడుందో చూసుకో."

ఊళ్ళో అతను చెయ్యని తలుపంటే గుర్తొచ్చేది ఆసుపత్రిదే. మొంబాసా నుంచి పడవలో వచ్చిన రేకు తలుపు, నీలం రంగు, ఒక్క పువ్వు లేదు. దాన్ని బిగించిన రోజున షేలాలి ముఖం తిప్పుకుని ఆ దారిన నడవడం మానేశాడు. ఇప్పుడు దాని ముందు నిలబడ్డాడు. జైతూని మేడ మీంచి పక్క మిద్దె మీదికి దాటి, ఎలాగో కిందికి దిగి, పరుగెత్తుకొచ్చి అతని భుజం పట్టుకుంది. అతను తట్టకముందే రేకు తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది.

కొండ ప్రాంతం నుంచి వచ్చిన నర్సు న్యాంబురా చెయ్యి చూసి కోప్పడలేదు. కోప్పడే తీరిక లేదు. గాయం విప్పి, లోపలి దాకా కడిగి, సూదులు వేసింది.

"పిల్లి పన్ను సూదిలాంటిది పెద్దాయనా. మురికిని ఎముక దాకా దించుతుంది. పైన చర్మం వెంటనే మూసుకుంటుంది. లోపల అది పండుతుంది. కుక్క కరిస్తే భయపడి పరిగెత్తుకొస్తారు, పిల్లి కరిస్తే నవ్వుకుని ఊరుకుంటారు. గీరినా అంతే. పిల్లలకి చంకలో గడ్డలు కట్టి జ్వరాలొస్తాయి. కరిచిన వెంటనే సబ్బూ పారే నీళ్ళూ, ఆ తర్వాత ఇక్కడికి. పిచ్చి పట్టిన జంతువైతే ప్రాణమే పోతుంది. ఆ పిల్లి తింటోందా, తిరుగుతోందా?"

"నాకంటే బాగా," అన్నాడు షేలాలి. "పురుగు తొలిచిన పనస చెక్కలాగన్నమాట. పైన గుండుసూది బెజ్జం, లోపల డొల్ల. నేనైతే అలాంటి చెక్కని మైనం పూసి దాచను. తవ్వి చూస్తాను."

"మరి చేతిని ఎందుకు దాచారు?"

షేలాలి కట్టు కట్టించుకోవడానికి చెయ్యి ముందుకి చాచాడు.

చెయ్యి తియ్యలేదు. ప్రాణమూ దక్కింది. కానీ బొటనవేలు మళ్ళీ పూర్తిగా వంగలేదు. సుత్తి పట్టేది, సన్నని ఉలి పట్టేది కాదు.

షేలాలి ఇంకా ఆసుపత్రి మంచం మీద ఉండగానే స్వాలే పనిశాలకి వెళ్ళాడు, ఉలులు తెచ్చుకుందామని. పనిశాల తలుపు కదల్లేదు. తిట్టాడు, తన్నాడు, కాలు నొప్పి పెట్టి కుంటుకుంటూ పోయాడు. తర్వాత కిటికీలు మూద్దామని జైతూని వెళ్ళింది. ఆమె చెయ్యి ఇంకా ఆనకముందే రెక్కలు రెండూ వెనక్కి తగ్గాయి. లోపల సగం పువ్వులతో దిమ్మ ఉంది. గీసింది తనే కాబట్టి మిగతా సగం ఎక్కడుందో ఆమెకి తెలుసు.

షేలాలి కట్టుతో ఇంటికొచ్చినప్పుడు అన్ని తలుపులూ మామూలుగా తెరుచుకున్నాయి. అతను నేరుగా పనిశాలకి వెళ్ళి దిమ్మ మీద ఎడమ చేత్తో తడిమాడు, కింద నుంచి పైదాకా. తన పని ఎక్కడ ఆగిందో వేలికి దొరకలేదు.

"ఎవరు చెక్కారు?"

"నేనే నాన్నా."

"ఇది కాస్త లోతు తక్కువ," అన్నాడు ఒక రేకు చూపించి. అతను చూపించింది తన చేత్తో చెక్కిన రేకే. జైతూని ఆ మాట చెప్పలేదు. ఆ తలుపుని పడవ ఎక్కించిన రోజున మాత్రం షేలాలి రేవంతా వినిపించేలా అరిచాడు, "జాగ్రత్తరా, అది ఫుండీ జైతూని పని!"

షేలాలి చాలా ఏళ్ళు బతికి, నిద్రలో పోయాడు. కొడుకులు లేరు కాబట్టి మా మత చట్టప్రకారం ఇంటి కింది అంతస్తు చెల్లెలికి, పై అంతస్తు కూతురికి వచ్చాయి. ఉలులు, పనిశాల, ఫుండీ అన్న పేరు అతను బతికుండగానే జైతూనికి ఇచ్చేశాడు. మల్కియా మనవరాళ్ళకి పనిశాల నీడ, పక్కనే ఎప్పుడూ ఒక బిందెడు నీళ్ళూ సబ్బూ. స్వాలేకి ఏమీ రాలేదు. అతను మొంబాసాలో మంచాలు చేస్తున్నాడు. మంచి మంచాలేనని విన్నాం.